కొండదారి బస్సు: యాత్రారచనలో ఒక వర్ణన

యాత్రాగ్రంథాలు చదివే అలవాటున్నవారికి ఒక ఘట్టం బాగా పరిచితం. పరదేశంలో, కొండల నడుమ, తెల్లవారుజామున బయలుదేరవలసిన బస్సు పొద్దెక్కిన తరువాత కదులుతుంది. ముగ్గురికి సరిపోయే బల్లమీద ఐదుగురు కూర్చుంటారు. మోకాళ్లు ముందు సీటు ఇనుపకమ్మీకి ఒరుసుకుంటాయి. కాళ్లసందున ఎవరిదో బస్తా. కిటికీ తెరిస్తే చలి, మూస్తే పొగ. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. వెనుక ఎవరో వాంతి చేసుకుంటారు, చక్రం పగులుతుంది, అర్ధరాత్రి దారి తెగి బండి నిలిచిపోతుంది. మరునాటి కెట్లాగో ఊరు చేరిన యాత్రికుడు దీపం దగ్గర కూర్చుని ఆ ఇరవై గంటల బాధను పది పుటలలో వ్రాసుకుంటాడు. ప్రబంధానికి అష్టాదశ వర్ణనలు ఎట్లా ఉండితీరవలెనో, వీపున సంచి తగిలించుకొని దేశాలు తిరిగినవారి పుస్తకాలకు ఈ కొండదారి బస్సు అట్లా ఉండితీరవలసిన వర్ణన అయికూర్చున్నది. ఒక వర్ణన విధిగా మారిన తరువాత అందులో కవి స్వయంగా చూచినదెంత, పూర్వుల దగ్గర ఎరువు తెచ్చుకున్నదెంత అని వేరుచేసి చూడవలసి వస్తుంది.

ఇతర వాహనాలకు లేని ఒక గుణం బస్సుకున్నది. కాలినడకన పోయేవాడు తనకు నచ్చినచోట ఆగుతాడు. సొంత కారులో పోయేవాడు నచ్చకపోతే వెనుకకు తిరుగుతాడు. రైలు ప్రయాణికులను తరగతులుగా విడదీసి, డబ్బున్నవాడికి ఒక తలుపు, ఒక గొళ్లెం ప్రసాదిస్తుంది. కొండమీది బస్సులో ఈ సదుపాయాలేవీ లేవు. ఎక్కినవాడు తన శరీరాన్ని డ్రైవరు చేతిలో పెట్టి కూర్చోవలసిందే. చుట్టూ ఉన్నవారు సంతకు పోయేవారు, ఆసుపత్రికి పోయేవారు, కోర్టువాయిదాకు పోయేవారు, సెలవుమీద ఇంటికి పోయే సిపాయిలు. ఆ బండిలో ప్రయాణం కోసమే ప్రయాణం చేస్తున్నవాడు ఒక్కడే. అతని కష్టం కోరి కొనుక్కున్నది, తక్కినవారిది తప్పించుకోలేనిది. ఒకే కుదుపు ఇద్దరి వెన్నునూ ఒకే విధంగా అదరగొట్టినా, ఆ రెండు వెన్నులకూ దాని అర్థం ఒకటి కాదు. యాత్రాగ్రంథకర్తకు ఈ భేదం తెలుసునా అన్నది ఈ ఘట్టాన్ని పరీక్షించడానికి మంచి గీటురాయి.

రాబర్ట్ బైరన్ (ఆంగ్లకవి బైరన్ వేరు) 1933-34 లో పారశీకంలోను ఆఫ్ఘనిస్తానంలోను చేసిన యాత్రకు ఫలం 1937 లో వెలువడిన 'ది రోడ్ టు ఆక్సియానా'. ఇరవయ్యో శతాబ్దపు యాత్రారచనలలో దీనిని శిఖరంగా ఎన్నేవారు తక్కువమంది కారు. హెరాత్‌నుంచి ఉత్తరాన ఉన్న బాల్ఖ్ వైపు పోబోయి, వానలతో మంచుతో దారి బురద కాగా, పైగా జబ్బుపడి, అతడు ఒకసారి వెనుకకు మరలవలసి వచ్చినది. మరుసటి వసంతంలో తిరిగి బయలుదేరి అనుకున్నది సాధించినాడు. దినచర్యవలె కనబడే ఈ పుస్తకం నిజానికి ఇంటికి వచ్చిన తరువాత ఎంతో శ్రమించి చెక్కినది. ఆ చెక్కుడు పైకి కనబడకపోవడమే దాని విద్య. గుంబదె కాబూస్ గోపురంలోని ఇటుకల వరుసను, హెరాత్‌లో గౌహర్‌షాద్ కట్టించిన మీనారులమీద పలకల నీలాన్ని అతడు చూచినట్లు చూచినవారు అరుదు. సంభాషణలను నాటకంలోవలె విడదీసి, స్వరం ఎక్కడ హెచ్చుతుందో ఎక్కడ తగ్గుతుందో సంగీతపు గుర్తులతో సూచించిన కొంటెతనం కూడా చదివి ఆనందించదగినదే.

అయితే లారీ ఎక్కినప్పుడు ఆ కంటికి ఏదో మసక కమ్ముతుంది. శిథిలమైన ఇటుకకు దొరికిన గౌరవం పక్కన కూర్చున్న మనిషికి దొరకదు. డ్రైవర్లు, కావలివాళ్లు, తోటి ప్రయాణికులు ఆలస్యానికి కారకులుగానో, నవ్వుకు నిమిత్తంగానో వచ్చిపోతారు. కట్టడాల చరిత్రకారుడుగా బైరన్ అప్పటివరకు ఐరోపా చులకనగా చూచిన ఒక మహాకళను నెత్తిన పెట్టుకున్నాడు. ఆ కళను సృష్టించినవారి వారసులతో ఒక బండిలో కూర్చోవడం మాత్రం అతనికి విసుగు. గ్రంథం గొప్పది, ఆ గొప్పతనంతోపాటు ఈ విసుగు కూడా అనుకరించేవారికి సంక్రమించినది. తరువాతి తరాలవారికి అతని కన్ను అబ్బలేదు, విసుగు తేలికగా అబ్బినది.

అదే దేశంలో ముప్పయ్యేళ్ల తరువాత డెర్వ్లా మర్ఫీ కథ వేరుగా నడిచినది. ఐర్లండునుంచి 1963 జనవరిలో ఒంటరిగా సైకిలుమీద బయలుదేరి ఢిల్లీ చేరిన ఆమె, ఆ యాత్రను 1965 లో 'ఫుల్ టిల్ట్' అన్న పేరుతో ప్రచురించినది. సైకిలుకు రోజ్ అని పేరు. డాన్ కిహోటే గుర్రానికి ముద్దుపేరు అది. ఆ దీర్ఘయాత్రలో ఆమె పడ్డ పెద్ద దెబ్బ సైకిలుమీద తగిలినది కాదు. ఆఫ్ఘనిస్తానంలో బస్సెక్కినప్పుడు, ఆ కిక్కిరిసిన బండిలో తుపాకీ మడమ తగిలి మూడు పక్కటెముకలు విరిగినవి. మరొకరి చేతిలో ఈ సంఘటన ఒక పూర్తి అధ్యాయం అయ్యేది. దేశస్వభావాన్ని గురించిన ఉపన్యాసమూ దానికి తోకగా వచ్చేది. మర్ఫీ దానిని ఒక ఆటంకంగా లెక్కించి దాటిపోయినది. ఆఫ్ఘనులమీద ఆమెకున్న మమకారం ఆ ఎముకలతోపాటు విరగలేదు. గాయపడిన రచయిత గాయాన్ని ఎంత చోటులో పెట్టవలెనో తెలిసి ఉండడం చిన్న సంగతి కాదు.

అయినా మర్ఫీని పూర్తిగా మెచ్చుకోవడానికి ఒక అడ్డున్నది. కొండలలోకి వచ్చే తారురోడ్లనూ, మోటారు నాగరికతనూ ఆమె సంతోషంగా చూడలేదు. అవి ఆఫ్ఘనిస్తానంలో ఒకవైపు అమెరికా, ఒకవైపు రష్యా పోటీపడి రోడ్లు వేయిస్తున్న రోజులు. దారి చక్కబడితే పాతలోకం చెడిపోతుందన్న దిగులు ఆమె వ్రాతలో తరచు వినబడుతుంది. సైకిలుమీద వచ్చి తిరిగి పోగలిగినవారికి ఆ దిగులు శోభిస్తుంది. జ్వరంతో ఉన్న బిడ్డను ఒడిలో పెట్టుకొని అదే దారిన ఆసుపత్రికి పోయే తల్లి ఆ దిగులులో పాలుపంచుకోదు. ఆ తల్లి కూడా ఆ బస్సులోనే ఉన్నది. పుస్తకంలో ఆమెకు తగినంత మాట లేదు.

మన అలంకారశాస్త్ర పరిభాషలో చెప్పదలిస్తే, ఈ బస్సు ఘట్టాన్ని మూడు రసాలలో పోషించడం పరిపాటి అయినది. లోయ ఆలంబనంగా భయానకం, వాంతులూ మురికీ ఆలంబనంగా బీభత్సం, తోటి ప్రయాణికులు ఆలంబనంగా హాస్యం. మూడింటికీ ఆశ్రయం ఒక్కడే, గ్రంథకర్త. భయపడేది అతడు, ఏవగించుకునేది అతడు, నవ్వేది అతడు. బండిలో ఉన్న నలభైమందిలో ఏ ఒక్కరికీ సొంత భయం, సొంత ఏవగింపు, ఈ పరదేశిని చూచి తమలో తాము నవ్వుకున్న నవ్వు ఉన్నట్లు పాఠకుడికి తెలియదు. కోళ్లగంప పట్టుకున్న ముసలమ్మ ప్రతి పుస్తకంలోను ఉంటుంది. ఆ కోళ్లు ఎందుకు తీసుకుపోతున్నదో, ఎంతకు అమ్ముతుందో చెప్పిన పుస్తకాలు మాత్రం వేళ్లమీద లెక్కించదగినవి.

ఇక్కడ భారతీయ పాఠకుడి స్థితి విచిత్రమైనది. పాశ్చాత్య యాత్రికులు ఈ వర్ణనను నేర్చుకున్నది చాలావరకు మన దారులమీదనే. 1960 ల నుంచి 1979 వరకు, ఇరాన్‌లో విప్లవం వచ్చి, ఆఫ్ఘనిస్తానంలోకి సోవియట్ సైన్యం దిగి దారి మూసుకుపోయేదాకా, ఇస్తాంబుల్‌నుంచి ఖాట్మండూకు నేలదారిన వచ్చిన వేలాది యువకుల పుస్తకాలలో కోళ్లగంప ముసలమ్మ మన ముసలమ్మే. ఘాట్‌రోడ్డు మలుపుల్లో తూలిపడుతూ, పక్కవాడి భుజంమీద తలవాల్చి నిద్రపోయి, తెల్లవాడి పుస్తకంలో ఒక వాక్యంగా మిగిలిపోయినవాడు మన పెదనాన్నో మేనమామో కావచ్చును. ఆ వాక్యంలో ఉన్నవాడి మనుమడు నేడు సంచి తగిలించుకొని పెరూలోనో కిర్గిజిస్తానంలోనో బస్సెక్కుతున్నాడు. అతడు కలం పట్టినప్పుడు ఏ పక్కన కూర్చుంటాడు? ఈ ప్రశ్నకు మంచి సమాధానం విక్రమ్ సేఠ్ గ్రంథంలో దొరుకుతుంది.

'ఫ్రమ్ హెవెన్ లేక్' 1983 లో వెలువడి, ఆ సంవత్సరపు థామస్ కుక్ యాత్రాగ్రంథ పురస్కారం పొందినది. సేఠ్ అప్పుడు నాన్‌జింగ్ విశ్వవిద్యాలయంలో విద్యార్థి. 1981 వేసవిలో సింకియాంగ్‌కు విద్యార్థుల బృందంతో పోయి, అక్కడినుంచి విడిపోయి, లారీలమీద టిబెట్టు మీదుగా నేపాలుకు, అటుపై ఢిల్లీలోని ఇంటికి పోవలెనని తలపెట్టినాడు. విదేశీయుడికి లాసా పోవడానికి అనుమతి దుర్లభమైన కాలం అది. తుర్ఫాన్‌లో ఒక సాయంకాలం నలుగురిలో అతడు 'ఆవారా' చిత్రంలోని పాట పాడినాడు; 1951 నాటి ఆ రాజ్‌కపూర్ చిత్రం చైనాలో ఇంటింటా తెలిసినదే. ఆ పాట సంపాదించిపెట్టిన స్నేహంవల్ల పోలీసు కచేరీలో అతని అనుమతిపత్రంమీద లాసా పేరు పడినది. యాత్రాసాహిత్యంలో ఇటువంటి ద్వారం తెరుచుకోవడం ఇంకెక్కడా కనబడదు. బైరన్‌కు రాయబారుల పరిచయం ఉన్నది. సేఠ్‌కు ఒక సినిమాపాట ఉన్నది. ఆ పాటను విన్న అధికారికి అతడు అపరిచితుడు కాడు. అందుచేత పుస్తకం మొదటినుంచీ చూచేవాడూ చూడబడేవాడూ అన్న దూరం కొంత తగ్గి కనబడుతుంది.

తరువాతి కథ అంతా లారీలోనే. ముందుభాగంలో డ్రైవరు పక్కన ఇరుకుగా ఒదిగి, ఛాయ్‌దామ్ ఎడారి దాటి, గోల్ముడ్ మీదుగా, 5,000 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న తంగ్‌గులా కనుమ ఎక్కి లాసా చేరవలెను. అంత ఎత్తున గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానిలో సగానికి కొంచెం పైన. శరీరం అలవాటుపడేలోగా తల పగిలేటట్లు నొప్పి, వికారం, నిద్రలేమి. ఈ తలనొప్పిని ఆధ్యాత్మికానుభవంగా మార్చి చెప్పడం హిమాలయ గ్రంథాలకు ఒక జాడ్యం. సేఠ్ తలనొప్పిని తలనొప్పి అనే చెబుతాడు. పొడవైన ప్రయాణాన్ని చెప్పడంలో ఉన్న అసలు చిక్కు కూడా అతనికి తెలుసును. లారీలో గంటలతరబడి ఏమీ జరగదు. జరగని గంటలను జరిగినట్లు నింపితే అబద్ధమవుతుంది. జరగలేదని వదిలేస్తే ప్రయాణమే మాయమవుతుంది. అతడు లారీ ఆగినచోట్లను పట్టుకున్నాడు. బురదలో కూరుకుపోయినప్పుడు, తిండికోసం ఆగినప్పుడు, డ్రైవరు తన సొంతపని చూచుకోవడానికి నిలిపినప్పుడు వచ్చే మాటలు, చిన్న అలకలు, సర్దుబాట్లతో కాలం గడుస్తుంది. పాఠకుడికి దూరం కిలోమీటర్లలో కాక ఆ మనుషులతో పెరిగిన చనువులో తెలుస్తుంది.

ఆ మనుషులలో ముఖ్యుడు డ్రైవరు సుయి. తక్కిన పుస్తకాలలో డ్రైవరు రెండే వేషాలు వేస్తాడు. ప్రాణాలతో చెలగాటమాడే పిచ్చివాడు ఒకటి, మాట పలకని ఘటికుడు రెండవది. సుయి ఈ రెంటిలో ఏదీ కాదు. అతనికి ఉద్యోగమున్నది, ఆ దారిలో తెలిసినవారున్నారు, తన తొందర తనకున్నది, తన నెమ్మది తనకున్నది. ఆ నెమ్మదిమీద సేఠ్‌కు కోపం వస్తుంది. తనకు లాసా చేరాలన్న ఆత్రం. పరాయివాడి బండిలో దయమీద పోతూ తొందరపడే హక్కు తనకు లేదని తెలిసిన కోపం అది. ఆ ఇబ్బందిని దాచకుండా వ్రాయడంవల్ల సుయి పాఠకుడి మనస్సులో నిలిచిపోతాడు. భారతదేశంలో పెరిగి, అటువంటి దారులమీద అటువంటి డ్రైవర్లను చిన్ననాటినుంచి ఎరిగినవాడికి ఇది సాధ్యమయినది. చైనాలో తిండీ వైద్యమూ సామాన్యుడికి అందిన తీరును, మన దేశంలో అందని తీరును పోల్చిచూడడంలో కూడా ఈ గ్రంథం వేరు. ఐరోపావాడు దారిపొడుగునా చూచినదాన్ని తన ఇంటితో పోల్చి తృప్తిపడతాడు; సేఠ్ పోల్చి కలవరపడతాడు. కొన్నిచోట్ల ఆ పోలిక తొందరపాటుగా తోచకపోదు. లాసా దేవాలయాలకు జరిగిన విధ్వంసం కంటబడిన తరువాత ఆ తూకం అంత సులువుగా నిలవదని గ్రంథమే చెప్పకచెబుతుంది.

దక్షిణ అమెరికాలో 1952 లో ఎర్నెస్టో గువేరా, ఆల్బెర్టో గ్రనాడో చేసిన యాత్ర ఇంకొక తీరుది. మోటారుసైకిలు చెడిపోయిన తరువాత పెరూ కొండలలో వారు లారీలమీద ఆయ్మరా జనం నడుమ పోయినారు. కనుమమీద రాళ్లగుట్ట దగ్గర ఆ జనం పచ్చమాతకు మొక్కుకోవడం గువేరా వ్రాతలో ఒక అధ్యాయానికి పేరయినది. గ్రంథం అతని మరణానంతరం, 1990 ల దశకంలోగాని అచ్చుకాలేదు. ఇంటికి వచ్చిన తరువాత తిరగవ్రాసినది కాబట్టి, లారీమీద కూర్చున్న యువకుడి కంటే కొంచెం పెద్దవాడి గొంతు అందులో వినబడుతుంది. తోటి ప్రయాణికులను చూచి అతడు నవ్వడు. అది గొప్ప గుణం. కాని వారు త్వరలోనే ఒక జాతి దుఃఖానికి ప్రతినిధులైపోతారు. హాస్యానికి ఆలంబనంగా ఉన్నవారు కరుణకు ఆలంబనమైనారు. ఒక్కొక్కరుగా చూడబడడం వారికి ఈ మార్పువల్ల కూడా పూర్తిగా దక్కలేదు.

ఆ ఆండీస్ పర్వతాలలోనే ఈ వర్ణన సరుకుగా మారిన చోటు ఒకటి ఉన్నది. బొలీవియాలో లా పాజ్‌నుంచి కొరొయికోకు దిగే పాత యుంగాస్ దారి సుమారు 4,650 మీటర్ల కనుమనుంచి 1,200 మీటర్ల లోయకు అరవై చిల్లర కిలోమీటర్లలో జారిపోతుంది. 1930 లలో చాకో యుద్ధంలో పట్టుబడ్డ పరాగ్వే ఖైదీలు ఆ కొండను తొలిచినారు. దేశమంతటా బండ్లు కుడిపక్కన నడుస్తుంటే ఇక్కడ ఎడమపక్కన నడవవలెను. డ్రైవరుకు తన చక్రం లోయ అంచుకు ఎంత దూరంలో ఉన్నదో కనబడాలన్నది కారణం. 1983 జూలైలో ఒక బస్సు లోయలో పడి వందమందికి పైగా చనిపోయినారు. 2006 ప్రాంతంలో వేరే రోడ్డు వచ్చిన తరువాత పాతదారిలో బస్సులు దాదాపుగా పోయినవి. ఇప్పుడు పరదేశులు డబ్బిచ్చి అక్కడ సైకిళ్లమీద దిగుతారు. బతికి బయటపడినట్లు చాటే చొక్కాలు తొడుక్కొని ఇంటికి పోతారు. ఆ దారిని గురించిన నేటి వ్రాతలలో చాలావాటికి చనిపోయిన ప్రయాణికులు ఒక అంకె మాత్రమే. రచయిత ధైర్యానికి కొలబద్ద. భయానకరసానికి ఇంతకంటె దిగజారుడు ఊహించడం కష్టం.

నేపాలు సంగతి మనకు దగ్గరిది. తెరాయినుంచి ఖాట్మండూకు ఎక్కే త్రిభువన్ రాజపథాన్ని 1950 ల నడిమి సంవత్సరాలలో భారతసైన్యపు ఇంజనీర్లు వేసినారు; దాదాపు 2,500 మీటర్ల ఎత్తున సింభంజ్యాంగ్ కనుమను అది దాటుతుంది. రక్సౌల్ దగ్గర సరిహద్దు దాటి వచ్చిన సంచియాత్రికులు వాంతులు చేసుకున్నది ఆ మలుపులలోనే. ఆ రోడ్డు లేనప్పుడు ఖాట్మండూలో కారులు లేకపోలేదు. రాణాల కారులను విదేశాలనుంచి తెప్పించి, కొండపాదంనుంచి కూలీలు పదులకొలది వెదురుబొంగులపై భుజాలమీద మోసుకొని లోయలోకి చేర్చేవారు. కొండదారి బస్సును తిట్టుకునే పుస్తకాలలో ఈ సంగతి ఒక వింతగా వస్తుంది. బస్సు రాకతో ఎవరి భుజాలకు బరువు తగ్గినదో ఆలోచించిన పుటలు తక్కువ.

భుజాల ప్రస్తావన రాగానే తెలుగువారికి ఏనుగుల వీరాస్వామయ్యగారు గుర్తుకు రావడం సహజం. మదరాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే నెలలో పరివారంతో బయలుదేరి, కాశీగయలు సేవించుకొని 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చినారు. 'కాశీయాత్ర చరిత్ర' 1838 లో, ఆయన గతించిన తరువాత, అచ్చయినది. ఆయన పోయినది పల్లకిలో, కష్టపడినది బోయీలు. తన స్థితిని ఆయన దాచుకోలేదు, గొప్పగా చెప్పుకోనూ లేదు. ఏ మజిలీకి ఎంత దూరం, దారి రాతినేలా ఇసుకనేలా, వాగులెన్ని, ఊళ్లో ఏయే సరుకులు దొరుకుతాయి అని వరుసగా వ్రాసుకుంటూ పోయినారు. నేటి పాఠకుడికి ఆ వివరాలు విసుగు కలిగించవచ్చును. వాటిని మరొక విధంగా చదవడానికి వీలున్నది. పల్లకిలో ఉన్నవాడికి దారి రాయైనా ఇసుకైనా ఒకటే. ఆ భేదం పాదాలకు సంబంధించినది. ఆ దారి లెక్క తెలిసో తెలియకో మోసేవారి పాదాలతో చేసిన లెక్క. నూటయాభై సంవత్సరాల తరువాత పక్కవాడి పాదాన్ని తొక్కుతూ కూర్చున్న యాత్రికులు చాలామంది ఆ పాదాన్ని అంతగా గమనించలేదు.

నేడు హైదరాబాదునుంచి, విశాఖనుంచి, అమెరికాలో స్థిరపడిన ఇళ్లనుంచి యువతీయువకులు సంచి తగిలించుకొని దూరదేశాల కొండలెక్కుతున్నారు; వ్రాస్తున్నారు కూడా. వారి వ్రాతలలో ఉత్సాహం ఉన్నది, భాషలో చొరవ ఉన్నది. బస్సు ఘట్టం దగ్గరికి వచ్చేసరికి మాత్రం పాత వేషాలే దిగుతాయి. పిచ్చి డ్రైవరు, కోళ్లగంప, పాతాళమంత లోయ, చివరకు బతికి బయటపడిన నాయకుడు. తెలుగుదేశపు ఘాట్‌రోడ్డుమీద అమ్మమ్మ ఊరికి పోతూ ఇదే ఇరుకులో ఇదే వాంతి చేసుకున్న బాల్యం ఉన్నవారు కూడా, విదేశపు బస్సెక్కగానే అన్నీ మొదటిసారి చూస్తున్నట్లు ఆశ్చర్యపడుతున్నారు. పులుపుబిళ్ల చప్పరించడం, కిటికీ పక్క సీటు పసిపిల్లలకు వదలడం, మలుపు వచ్చినప్పుడు ఎటు ఒరగవలెనో తెలియడం వారికి పుట్టుకతో అబ్బిన విద్యలు. భాష తెలియని ఊళ్లో వాటితోనే పక్కవాడికి దగ్గర కావచ్చును. ఆ విద్యలేవీ పుస్తకంలోకి రావడంలేదు. చార్జీ ఎంత ఇచ్చినారో ఉంటుంది, ఆ బస్సులో ఆ ఊరివాడు ఎంత ఇచ్చినాడో ఉండదు. ఎన్ని గంటలు ఆలస్యమయినదో ఉంటుంది. ఆ ఆలస్యంవల్ల పక్కవాడికి ఏ కూలి పోయినదో, ఏ వాయిదా తప్పినదో అడిగినట్లు కనబడదు. రాత్రంతా తన భుజంమీద తలవాల్చి నిద్రపోయిన మనిషిని గురించి ఒక పేజీ ఉంటుంది. తెల్లవారి అతడు ఏ ఊళ్లో దిగిపోయినాడో ఆ పేజీలో లేదు.